మందగమన న్యూట్రానుల గ్రహణము

పరమాణు కేంద్రకమును ప్రోటాను చేరవలెనన్న మిక్కిలి వేగము కావలయును. కేంద్రకమునందలి ధనవిద్యుత్తు దానిని వెనుకకు నెట్టుటయే యందులకు కారణము. న్యూట్రానునకు విద్యుదావేశము లేదు. కావున నీ యడ్డంకి లేదు. పైగా దాని వేగము తగ్గినకొలది కేంద్రకము దానిని పట్టుకొను నవకాశము హెచ్చును.

ఈ విషయము 1934 అక్టోబరులో రోము నగరమున తెలియవచ్చెను. ఎన్రికో ఫెర్మీయు, సహచరులును వెండిపై న్యూట్రానులను ప్రసరింపజేయుచుండిరి. వెండికి గలిగిన రేడియోధార్మికత పాలరాతి బల్లపై కంటె కొయ్యబల్లపై నధికముగ నుండెను. దీనిని పరికరముల లోపమని త్రోసిపుచ్చకుండుట వారి ఘనత. 22వ తేదీన ఫెర్మీ, సీసమునకు బదులుగా పారఫిన్ మైనపు ముక్కను నడుమ నుంచెను. రేడియోధార్మికత అనేక రెట్లు పెరిగెను. మైనములో హైడ్రోజను విస్తారము. గోలీ గోలీకి తగిలినట్లు, తనతో సమానమైన బరువుగల హైడ్రోజను కేంద్రకమును తాకిన న్యూట్రాను సగటున తన శక్తిలో సగము కోల్పోవును. ఇరువది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల నుండి 0.025కు దిగుటకు సుమారు 18 తాకుళ్లు చాలును. అప్పటికిని దాని వేగము సెకనునకు 2,200 మీటర్లు. మందగమన మను మాట సాపేక్షమే.

వేగము సగమైనచో కేంద్రకము చెంత న్యూట్రాను గడపు కాలము రెట్టింపగును. గ్రహణావకాశమును సామాన్యముగా రెట్టింపగును. అయితే దీనికి అపవాదములు కలవు. యురేనియం-238, 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల న్యూట్రానులను విపరీతముగా మ్రింగును. ఆ స్థాయిని దాటక న్యూట్రాను మందగింపజాలదు గదా! అందుచేతనే యురేనియమును కడ్డీలుగా విడదీసి, నడుమ మితకారి పదార్థమును నింపుదురు. న్యూట్రాను ఆ ప్రమాదస్థాయిని కడ్డీల వెలుపలనే దాటి, మందమై మరల వానిని చేరును.

మామూలు నీరు చక్కని మితకారియే కాని, అందలి హైడ్రోజను కొన్ని న్యూట్రానులను తానే పట్టి, 22 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమును విడుచును. భారజలమునందు తాకుళ్లు 25 వరకు కావలసివచ్చినను, అందలి డ్యుటీరియము చేయు గ్రహణము హైడ్రోజను గ్రహణములో సుమారు ఆరువందలవ వంతు. కర్ణాటకమునందలి కైగా రియాక్టరులు సహజ యురేనియముతో నడచుటకు ఈ పొదుపే యాధారము. తెలంగాణములోని మణుగూరున గల కర్మాగారము భారజలమును తయారుచేయును.

తమిళనాడునందలి కల్పాక్కములో 1985లో పనికి దిగిన ప్రయోగాత్మక ఫాస్ట్ బ్రీడరు రియాక్టరుది వేరు త్రోవ. వేగముగల న్యూట్రానులు ప్లుటోనియమును భేదించునపుడు వ్యర్థగ్రహణము తక్కువ. మిగిలిన న్యూట్రానులు యురేనియం-238ను క్రొత్త ప్లుటోనియముగా మార్చును. వేగము తగ్గరాదు గనుక, వేడిని కొనిపోవుటకు అచ్చట నీటికి బదులు ద్రవసోడియమును వాడుదురు.