పరుల సరుకు దాచు గిడ్డంగి: నిర్వాహకులకు ఎదురగు చిక్కులు

పంట పండించుట ఒక ఎత్తు. పండిన పంటను అమ్ముడగువరకు కాపాడుట మరియొక ఎత్తు. తన గరిసెలో తన ధాన్యము పోసికొనిన రైతు ఎవరికిని లెక్క చెప్పనవసరము లేదు. కాని నలుగురి సరుకును అద్దెకు పుచ్చుకొని, అడిగిననాడు అడిగినంత తిరిగి అప్పగించవలసిన గిడ్డంగి సంగతి వేరు. అందులోని బస్తా ఒక్కటియు నిర్వాహకునిది కాదు. పోయిన బస్తా మాత్రము అతనిదే.

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు దాపుననున్న పాశమైలారము పారిశ్రామిక ప్రాంతమును చూచినచో ఈ వ్యాపారము ఎంత పెరిగినదో తెలియును. ఒక ప్రక్క 65వ జాతీయ రహదారి, మరియొక ప్రక్క హైదరాబాదును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అందుబాటులో నుండుటచే, కర్మాగారములతోపాటు పలువురి సరుకు నిలువచేయు గిడ్డంగులును ఈ చుట్టుప్రక్కల వెలసినవి. 2017 జూలై 1 నుండి జి.యస్.టి. అమలు లోనికి వచ్చిన పిమ్మట, పన్నుల నిమిత్తము రాష్ట్రమునకొక చిన్న గోదాము పెట్టుకొను అవసరము కంపెనీలకు తగ్గినది. వారు పెద్ద గిడ్డంగులను ఎన్నుకొని, నిర్వహణను ఇతరులకు అప్పగించుచున్నారు. సరుకు అమ్మువాడు ఒకడు, కొనువాడు ఒకడు, నడుమ దాచి పంపువాడు మూడవవాడు. అందుచేతనే వీటిని థర్డ్ పార్టీ గిడ్డంగులని పిలుచుచున్నారు.

ఇదే పనిని ఇప్పుడు మన సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును చేపట్టుచున్నవి. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్ల రూపాయల వరకు రుణముపై 3 శాతము వడ్డీ రాయితీ కలదు. అనగా గోడలు లేపుట మునుపటికంటె సులభమైనది. ఆ గోడల మధ్య నలుగురి సరుకును తగాదా లేకుండ నడుపుట ఎట్లో ఈ వ్యాసములో చెప్పుదుము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ఒకరి వస్తువును మరియొకరు ఒప్పందముపై పుచ్చుకొని భద్రపరచు విషయమును 1872 నాటి భారత ఒప్పందముల చట్టము వివరించుచున్నది. ఆ చట్టము 151వ సెక్షను ప్రకారము, సామాన్య వివేకముగల మనిషి తన సొంత సరుకు విషయములో తీసికొను జాగ్రత్తనే పరుల సరుకు విషయములోను తీసికొనవలెను. యజమాని సమ్మతి లేకుండ అతని సరుకును వేరొక సరుకుతో విడదీయ వీలులేనట్లు కలిపినచో నష్టము చెల్లించవలసి వచ్చునని 157వ సెక్షను తెలుపుచున్నది. కనుక ఇద్దరి కందులను ఒకే దొంతరలో వేయుటకు ముందు ఇద్దరి సంతకములును తీసికొనవలెను.

తూకములో తరుగు

నిర్వాహకునికి, సరుకుదారునికి మధ్య తగాదాలు ఎక్కువగా పుట్టునది ఇచ్చటనే. ఒక ఉదాహరణ చూడుడు. 14 శాతము తేమగల 100 క్వింటాళ్ల మొక్కజొన్న గిడ్డంగి చేరినది. ఎండకాలము గడచునప్పటికి తేమ 12 శాతమునకు దిగినది. ఒక గింజ కూడ ఎవ్వరును ముట్టలేదు. అయినను కాటాపై 97 క్వింటాళ్ల 73 కిలోలు మాత్రమే తూగును. తక్కువబడిన 227 కిలోలు, అనగా నాలుగున్నర బస్తాలు, గాలిలో కలసిన నీరు. తేమను వ్రాసికొనని నిర్వాహకుడు దొంగ యనిపించుకొనును.

దీనికి ఎదురు సంగతి కూడ కలదు. వానకాలమున ఆరిన గింజ తేమను పీల్చి బరువెక్కును. ఆ పెరిగిన బరువు చాటున నిజమైన దొంగతనము దాగిపోవచ్చును. తూకము సరిగానే యున్నట్లు కనబడును, బస్తాలు మాత్రము తగ్గియుండును. కనుక బరువొక్కటే చాలదు. బరువు, బస్తాల సంఖ్య, తేమ - ఈ మూడింటిని చేరిననాడును, వెడలిననాడును వ్రాయవలెను. చేరిన బరువును (100 - చేరిననాటి తేమ)తో హెచ్చించి, (100 - నేటి తేమ)తో భాగించినచో నేడు తూగవలసిన బరువు తెలియును. ఈ లెక్కను ఒప్పందములోనే వ్రాసికొనుట ఉభయులకును క్షేమము. లెక్కకు మించిన తరుగునకు నిర్వాహకుడు జవాబుదారి. లెక్కలో నిలిచిన తరుగునకు సరుకుదారుడు అతనిని నిందింపరాదు.

సరుకు పుచ్చుకొనునప్పుడు

తలుపు దగ్గర చేసిన పొరపాటు లోపల దిద్దుకొనుటకు వీలుపడదు. లారీ నిలిచియున్నదని, హమాలీలు తొందరపడుచున్నారని తూకము లేకుండ బస్తాలు దింపించుకొనరాదు. బస్తాలు లెక్కించి, కాటా వేసి, గొట్టముతో వేర్వేరు బస్తాలనుండి నమూనా తీసి, తేమ యంత్రములో పరీక్షింపవలెను. పురుగు ఉన్నదేమో చూడవలెను. నమూనాను రెండు పొట్లములు కట్టి, ఉభయుల సంతకములతో ముద్రవేసి, ఒకటి సరుకుదారునికిచ్చి ఒకటి ఉంచుకొనవలెను. తడిసిన, చినిగిన బస్తాలను రసీదుపై వేరుగా చూపవలెను. హమాలీలు ఇనుప కొక్కెములు వాడకుండ చూచినచో సగము కారుడు తగ్గును.

స్థలము, లెక్క

గిడ్డంగి నిండుగానుండుట లాభమని తలచి నడవలలో సైతము బస్తాలు వేయుదురు. అప్పుడు వెనుకనున్న సరుకు కావలసివచ్చినచో ముందున్నదంతయు కదల్పవలసి వచ్చును. కూలి రెట్టింపగును, బస్తాలు చినుగును, లెక్క తప్పును. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల గీతలను నేలపై గీసి, ఆ హద్దులలోనే దొంతరలు వేయుట మంచిది. గోడకును దొంతరకును నడుమ రెండు, రెండున్నర అడుగుల ఖాళీ వదలవలెను. క్రింద చెక్క చట్రములు పరచనిదే బస్తా వేయరాదు. నేల చెమ్మ అడుగు వరుసను కుళ్లించును.

ప్రతి దొంతరకు ఒక కార్డు వ్రేలాడదీయవలెను. సరుకుదారుని పేరు, సరుకు, చేరిన తేదీ, తేమ, బస్తాలు, వెడలినవి, మిగిలినవి దానిపై నుండవలెను. కంప్యూటరు ఉన్నను ఈ కార్డును మానరాదు. పుస్తకములో నున్నది దొంతరలో నున్నదా యని వారమునకు కొన్ని దొంతరల చొప్పున లెక్కించుచు పోయినచో, సంవత్సరాంతమున తెల్లబోవలసిన పని యుండదు. ముందు వచ్చిన ధాన్యమును ముందు పంపవలెను. గడువు తేదీగల విత్తనములు, మందుల విషయములో మాత్రము, వచ్చిన తేదీ కాక, ముందు గడువు తీరునది ముందు వెడలవలెను.

పరుల సరుకు దాచుటలో శ్రద్ధ ఎట్లుండవలెనో చూడగోరువారికి మంచి ఉదాహరణ పటాన్‌చెరులోనే కలదు. 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మున్నగు పంటల విత్తనముల నమూనాలు 1,20,000కు పైగా భద్రపరుపబడినవి. అవి పలు దేశముల సొత్తు. గింజలను తగినంత ఆరబెట్టి, దీర్ఘకాలము దాచువానిని -20 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో నుంచుచున్నారు. ప్రతి నమూనాకును ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్య చెరిగినచో విత్తనము బ్రతికియుండియు పనికిరానిదగును. మన గోదాముకు అంత చలి అక్కరలేదు. ఆరబెట్టుట, గుర్తు వేయుట అనునవి మాత్రము అచ్చట ఎంత ముఖ్యమో ఇచ్చటను అంతే.

కలసియుండరాని సరుకులు

ఖాళీ కనబడినదని వచ్చిన సరుకునెల్ల పుచ్చుకొనుట అపాయకరము. పురుగుమందుల నిలువను ఇతర వస్తువులుండు గదులకు దూరముగా, వేరు గదిలో లేక వేరు కట్టడములో తాళమువేసి యుంచవలెనని 1971 నాటి పురుగుమందుల నియమములలో 36వ నియమము శాసించుచున్నది. యూరియా చెమ్మను పీల్చును. దానిని ధాన్యముతోను, విత్తనములతోను చేర్చరాదు. ఘాటైన వాసనగల సరుకు ప్రక్కన బియ్యము, పిండి ఉంచినచో ఆ వాసన వానికి పట్టును.

అన్నిటికంటె కనబడని అపాయము పురుగు. కందులు, శనగలలో పప్పుపురుగు, బియ్యములో ముక్కుపురుగు ఒకరి బస్తాలతో వచ్చి అందరి బస్తాలకు ప్రాకును. మొదటివాడు సరుకు తీసికొని పోవును; నష్టము మిగిలినవారు పొందుదురు. కనుక పురుగు పట్టిన సరుకును వేరుచోట ఆపి, పొగబెట్టిన పిమ్మటనే లోనికి చేర్చవలెను. దీనికి వాడు అల్యూమినియం ఫాస్ఫైడు 3 గ్రాముల బిళ్లనుండి ఒక గ్రాము ఫాస్ఫీను వాయువు వెలువడును. అది మనిషిని చంపును. దానికి విరుగుడు మందు లేదు. అనుమతి, శిక్షణ గలవారిచేతనే ఈ పని చేయింపవలెను. గాలి చొరని పట్టాలతో కప్పి వారము దినములుంచనిచో గ్రుడ్లు మిగిలి, పురుగు మందునకు అలవాటు పడును.

నిప్పు, మనుష్యుల ప్రాణములు

2025 జూన్ 30న పాశమైలారములో, ఔషధముల తయారీలో వాడు సెల్యులోజు పొడిని చేయు ఒక కర్మాగారమున పేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించిరి. ఆ ప్రాంతమున సరుకు దాచువారెవ్వరును ఈ సంగతిని మరువరాదు. సన్నని పొడి మూసిన చోట గాలిలో లేచినపుడు ఒక్క నిప్పురవ్వకే ప్రేలగలదు. పిండి, ధాన్యపు దుమ్ము కూడ ఇట్టివే. కనుక దూలములపైని దుమ్మును తరచు తొలగింపవలెను. లోపల బీడీ, వెల్డింగు పని, వ్రేలాడు కరెంటు తీగలు ఉండరాదు. తలుపులకు అడ్డముగా బస్తాలు వేయరాదు. లోపల ఎవరెవరున్నారో తెలుపు పట్టీ గేటువద్ద ఉండవలెను. బీహారునుండి వచ్చిన దినకూలి పేరు కూడ అందులో నుండవలెను. సరుకునకు భీమా చేయించుట సామాన్యమే, హమాలీలకును చేయింపవలెను.

రద్దీ, అద్దె

మన జిల్లాలో కందులు, శనగలు డిసెంబరునుండి మార్చి వరకు ఒక్కసారిగా వచ్చును. జూలై నాటికి గిడ్డంగి వెలవెలబోవును. 10,000 బస్తాలు పట్టు గోదాములో ఫిబ్రవరిలో చోటు చాలక, జూలైలో 3,000 బస్తాలే ఉన్నవనుకొందము. కావలివాని జీతము, కరెంటు, బ్యాంకు వాయిదా రెండు నెలలలోను ఒక్కటే. బస్తాకు నెలకింత యను అద్దెపై మాత్రమే ఆధారపడినచో సంఘము నష్టపడును. కొంత చోటును ఏడాదికి నికర అద్దెపై ఒప్పుకొని, మిగిలినది బస్తాల లెక్కన ఇచ్చుట మేలు. దింపుడు కూలి, ఎగుమతి కూలి, పొగబెట్టు ఖర్చు ఎవరివో ముందే వ్రాయవలెను. నోటిమాటగా వదలిన ఖర్చు కడపట తగాదాగా తిరిగివచ్చును.

రసీదు విలువ

1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థయు ఏర్పడినప్పటి ఉద్దేశము, రైతు కోతనాడే అగ్గువకు తెగనమ్ముకొనక, సరుకు దాచి రసీదుపై అప్పు పొందగలుగుటయే. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము 2010 అక్టోబరు 25 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద నమోదైన గిడ్డంగి ఇచ్చు రసీదును మరియొకరికి బదిలీ చేయవచ్చును, బ్యాంకులో కుదువ పెట్టవచ్చును. 2017 నుండి ఎలక్ట్రానిక్ రసీదులును వచ్చినవి. మీ సంఘము గిడ్డంగిని నమోదు చేయించునెడల, పైన చెప్పిన తూకము, తేమ, కార్డు, లెక్క అన్నియు రైతుకు రొక్కమై అక్కరకు వచ్చును. అవి సరిగా లేనిచో రసీదు చిత్తుకాగితముతో సమానము.

సోదరులారా! మంచి గిడ్డంగికి ఎత్తైన గోడలకంటె నిజమైన పుస్తకము ముఖ్యము. క్రొత్తగా ప్రారంభించు సంఘములు మొదటి సంవత్సరము రెండు మూడు రకముల సరుకులతోనే సరిపెట్టుకొని, ఒక కాటా, ఒక తేమ యంత్రము, ఒక నమ్మకమైన లెక్కగాడు - ఈ మూడింటిని ముందు సమకూర్చుకొనవలెను. వచ్చే కందుల కాలమునకు ముందే మీ గోదాము నేలపై గీతలు గీయుడు, కార్డులు అచ్చువేయించుడు, ఒప్పందములో తేమ లెక్కను చేర్చుడు. సందేహములున్నచో మీ మండల వ్యవసాయాధికారిని సంప్రదింపుడు.