మణికట్టులో మిగిలిన పట్టు

1997లో జరిగిన ఒక ప్రమాదం ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ వెన్నుపామును దెబ్బతీసింది. కాళ్లతో పాటు చేతులూ స్వాధీనం తప్పాయి. కాళ్లు పడిపోయినవాళ్లను లేపి నడిపించే మోటార్ల తొడుగును ఆ తర్వాత ఆయనే రూపొందించారు. పేరు రీవాక్. ఇంట్లోనూ వీధిలోనూ వాడుకోవడానికి అమెరికాలో 2014లో అనుమతి కూడా వచ్చింది. కానీ దాన్ని వేసుకుని గోఫర్ నడవలేరు. తూలకుండా రెండు చేతులా ఊతకర్రలు పట్టుకోవాలి మరి. ఆయన వేళ్లకు ఆ పట్టు లేదు.

వెన్నుపాము గాయం అనగానే మన ఆలోచన కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. టీవీలకు కూడా లేచి నిలబడే దృశ్యమే కావాలి. ఏది తిరిగొస్తే మీ బతుకు ఎక్కువ మెరుగవుతుందని 2004లో ప్రచురించిన సర్వేలో పరిశోధకురాలు కిమ్ ఆండర్సన్ 681 మంది బాధితులను అడిగారు. కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లలో దాదాపు సగం మంది చేతులే అన్నారు. కాళ్లు మాత్రమే పోయినవాళ్లలోనూ నడకకు మొదటి స్థానం దక్కలేదు. దాంపత్య సుఖానిది ఆ స్థానం.

ఎవరికి ఏ పరికరం కావాలో తేల్చేది దెబ్బ తగిలిన చోటు. వెన్నుపాము నుంచి బయల్దేరే 31 జతల నాడుల్లో ఎనిమిది మెడలోనే ఉన్నాయి. వాటిలో బాగా పై జతల దగ్గర వెన్నుపాము తెగితే ఊపిరికి వెంటిలేటర్ కావాలి, కుర్చీని గడ్డంతోనో గొట్టంలోకి ఊదీ పీల్చో నడపాలి. ఐదో జత దాకా మిగిలితే మోచేయి ముడవగలరు. ఆరోది కూడా మిగిలితే మణికట్టు పైకి లేస్తుంది. చూడటానికి చిన్న తేడాయే, అన్నం తినడం దగ్గర మాత్రం చాలా పెద్దది.

మోచేయి బల్ల మీద ఆనించి చేతిని వదులుగా ముందుకు వాల్చండి. వేళ్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు వేళ్ల సంగతి మరిచిపోయి మణికట్టును మాత్రం వెనక్కి ఎత్తండి. వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలి దగ్గరికి వస్తుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు మణికట్టు దాటి వేళ్లలోకి పోతాయి. మణికట్టు లేచినప్పుడు అవి బిగిసి వేళ్లను లాగుతాయి, మెదడు ఆజ్ఞ వేళ్లకు అందకపోయినా సరే. ఈ కదలికను చిన్న కడ్డీలతో వేళ్లకు కలిపితే గట్టి పట్టునిచ్చే చేతి స్ప్లింట్ తయారవుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. అంతకన్నా చవకైనది అరచేతికి చుట్టే పట్టీ. దాని జేబులో చెంచా, పెన్ను, పళ్లు తోముకునే బ్రష్ ఏదైనా దోపుకోవచ్చు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మాలిష్ చేస్తూ మణికట్టునూ వేళ్లనూ కలిపి వెనక్కి సాగదీస్తుంటారు. అలా చేయకూడదు. టెండన్లు వదులైపోతే ఉన్న కాస్త పట్టూ పోతుంది.

ఇక చర్మం. ఒత్తిడి పడుతున్నట్టు తెలిస్తే మనం కూర్చున్నచోటే అటూ ఇటూ కదులుతాం. స్పర్శ లేనివాళ్లకు ఆ కబురే అందదు. పిరుదుల ఎముకల కింద రక్తం ఆడక పుండు పడుతుంది. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో 1944 నుంచి డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించింది ఇందుకే. కుర్చీలో ఆ పని కొంత గాలి గదుల మెత్త చేస్తుంది. మెత్తకూ ఎముకకూ నడుమ చేయి పెట్టి చూడాలి, ఎముక మెత్త అడుగుకు తగలకుండా అర అంగుళమైనా గాలి ఉండాలి. బాగా నింపితే మంచిదనుకుంటారు గానీ బిగిసిన మెత్త చెక్కతో సమానం. మెత్త ఉన్నా సరే, అరగంట దాటకుండా ముందుకు వంగో, చేతుల మీద లేచో బరువు తప్పించాలి.

ఇక కుర్చీ. తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన గీత కార్మికుడి భుజాలు సాధారణంగా బలంగానే ఉంటాయి. అందరికీ ఒకే కొలతలో పంచే వెడల్పాటి కుర్చీ ఆ భుజాలనే పాడుచేస్తుంది. చక్రాలు దూరంగా ఉండి, నెట్టడానికి చేతులు బాగా చాపాల్సి వస్తుంది. అలా కాకుండా మనిషి కొలతలకు సరిపడేలా ఐఐటీ మద్రాస్ వాళ్లు నియోఫ్లై కుర్చీ చేశారు. దాని ముందు నియోబోల్ట్ అనే మోటారు చక్రం తగిలిస్తే గంటకు 25 కిలోమీటర్ల దాకా వేగంతో రోడ్డెక్కుతుంది. కుర్చీకి డబ్బు కట్టేముందు టేపుతో స్నానాల గది తలుపు, తర్వాత వాకిలి అరుగు కొలవండి. అడుగు ఎత్తు అరుగుకు 12 అడుగుల వాలుబాట కావాలి. మన ఇళ్ల ముందు అంత చోటు ఉండదు కాబట్టి దాన్ని మధ్యలో మలుపు తిప్పి కట్టించాల్సి రావచ్చు.