సీసాలో పది డోసులు

మన ఓపీలో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "అప్పుడు కరోనా సూది వేయించుకున్నాం గదండీ, దానివల్ల గుండెకేమైనా అవుతుందా?" ఎక్కడో ఒక కుర్రవాడు ఆడుతూ ఆడుతూ కుప్పకూలాడని ఫోనులో వీడియో చూసి వస్తారు. కొందరు అంతటితో ఆగక చంటిబిడ్డల టీకాలు కూడా వాయిదా వేస్తున్నారు. మాకు ఎక్కువ దిగులు కలిగించేది ఈ రెండో సంగతే.

జవాబుకు ముందు 2021లో జరిగినది ఒకటి చెప్పాలి.

ఆ ఏడాది జనవరి 16న దేశంలో కరోనా టీకాలు మొదలైనప్పుడు ముందుగా వేయించుకున్నది ఆసుపత్రుల సిబ్బందే. మా నర్సులలోనూ భయపడినవారున్నారు, దాచడమెందుకు? మార్చి 1 నుండి అరవై ఏళ్లు నిండినవారికి, 45 నిండి షుగరు, గుండెజబ్బు వంటివి ఉన్నవారికి అవకాశం వచ్చింది. మొదట్లో జనం పలచగా వచ్చేవారు. సూదితో చిప్ ఎక్కిస్తారనీ, ఇదే ప్రకటన గ్రంథంలోని ముద్ర అనీ సంఘాలలో కూడా ప్రచారం సాగింది. "ముద్రంటే బీసీజీ మచ్చ మన భుజం మీద ఎప్పటినుంచో ఉంది గదా" అని మా పెద్ద సిస్టరుగారు నవ్వేవారు.

కోవిషీల్డ్ సీసాలో పది డోసులుండేవి. ఒకసారి తెరిచాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారవేయడమే. మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం ముగ్గురు వచ్చారు. "ఇంకో ఏడుగురు లేనిదే సీసా తెరవలేమమ్మా, రేపు ఉదయం రండి" అని పంపేశాం. ఇద్దరు మర్నాడు వచ్చారు. మూడో ఆమె, డెబ్బై దాటిన మామ్మగారు, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి, రాలేదు. ఏప్రిల్ మూడో వారంలో ఆయాసపడుతూ ఆటోలో వచ్చారు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి కన్నుమూశారు.

ఆ సాయంత్రం వేసి ఉంటే బ్రతికేవారా? అవునని చెప్పలేం. మొదటి డోసు తరువాత కొంత రక్షణ రావడానికే రెండు మూడు వారాలు పడుతుంది. బలమైన రక్షణకు రెండో డోసు కావాలి. కానీ ఏడు డోసులు వృథా అవుతాయని లెక్క చూసిన మేము రెండు బస్సుల లెక్క చూడలేదు.

తరువాత ఆదివారం ఆరాధన ముగిశాక గుడి వరండాలో పేర్లు, ఫోను నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టాం. ఒకరు వస్తే మిగతావారికి ఫోను చేసి పదిమందిని పోగుచేసేవాళ్లం. తీరా సెకండ్ వేవ్ ముదిరేసరికి జనం బారులు తీరారు, సీసాలే దొరకని రోజులొచ్చాయి!

ఇక గుండె సంగతి. 18 నుండి 45 ఏళ్ల వారిలో కారణం తెలియని ఆకస్మిక మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రులలో పరిశీలన చేసి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని తేలింది. రెండు డోసులు వేయించుకున్నవారిలో తగ్గింది కూడా. ముప్పు పెంచినవి వేరు: కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అటువంటి మరణాలుండటం, అతిగా మద్యం తాగడం, మత్తుపదార్థాలు, ఒళ్లు హూనమయ్యే శారీరక శ్రమ. కోవిషీల్డ్‌తో బహు అరుదుగా రక్తం గడ్డకట్టడం నిజమే, 2021లోనే బయటపడింది. అది సాధారణంగా టీకా తరువాతి కొద్ది వారాలలోనే వస్తుంది, ఏళ్లు గడిచాక కాదు. అయినా ఛాతీలో నొప్పి వస్తే సూదిని తలుచుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే వచ్చి ఈసీజీ తీయించుకోండి.

బిడ్డలకు మీజిల్స్ రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో మరొకటి వేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. తేదీ దాటిపోయిందని కార్డు దాచేయకండి. మళ్లీ మొదటినుండి వేయనక్కరలేదు, ఆగినచోటి నుండి వేస్తాం. ఇక్కడికే తెస్తే ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరుస్తాం.