శిబిరం ఏడోరోజు

ఎన్‌ఎస్‌ఎస్‌గా అందరికీ తెలిసిన జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ధ్రువపత్రం కావాలంటే విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవతో పాటు దత్తత గ్రామంలో ఏడురోజుల ప్రత్యేక శిబిరమూ పూర్తిచేయాలి.

ఏడోరోజు పారకు పెద్దగా పనుండదు. పొద్దున్నే బస చేసిన బడిని కడిగి, బెంచీలు ఎక్కడివక్కడ సర్దుతారు. అరువు తెచ్చిన గంగాళాలు, గరిటెలు, చాపలు లెక్కచూసి ఇళ్లకు చేరుస్తారు. ఒక్క గరిటె కూడా తగ్గకుండా ముగిసే శిబిరం అరుదే. తర్వాత ముగింపు సభ. సర్పంచ్, ప్రిన్సిపాల్ మాట్లాడాక, ఇంటింటి సర్వేలో తేలిన సంగతులు చదివి వినిపిస్తారు. నిజానికి ఊరికి పనికొచ్చేది ఈ భాగమే. శాలువాల సందడిలో కురచైపోయేదీ ఇదే. తవ్విన ఇంకుడు గుంతల పూడికతీత, నాటిన మొక్కలకు నీళ్లు ఎవరి బాధ్యతో అప్పుడే తేల్చుకోవాలి. లేకుంటే ఎండాకాలానికి మొక్కల చోట ఊతకర్రలే మిగులుతాయి.

బస్సు కాలేజీకి చేరాక విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు. ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మాత్రం రశీదులు, ఫొటోలు, హాజరుపట్టీ జతచేసి నివేదిక పంపేదాకా శిబిరం ముగిసినట్టు కాదు.