రిజర్వు బ్యాంకుకు స్వతంత్రం ఎంత?

మన జేబులోని పది రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉంటుంది. ఆ గవర్నర్ ప్రభుత్వం చెప్పినట్లు వినాలా? మేము తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

1935 ఏప్రిల్ 1న మొదలైన ఈ బ్యాంకు 1949 జనవరి 1న జాతీయమైంది. గవర్నర్‌ను నియమించేది కేంద్రమే. చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం, గవర్నర్‌ను సంప్రదించి, ప్రజాప్రయోజనం కోసం కేంద్రం ఆదేశాలు కూడా ఇవ్వవచ్చు. 1957లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారితో పొసగక గవర్నర్ బెనెగల్ రామారావు రాజీనామా చేశారు. ప్రధాని నెహ్రూ మంత్రి పక్షమే వహించారు.

మరి స్వతంత్రం ఎందుకు? ఖర్చుపెట్టే చేతికే నోట్లు ముద్రించే అధికారమూ ఉంటే అదుపు ఉండదు. సరుకులు పెరగకుండా నోట్లే పెరిగితే ధరలు మండుతాయి. మెస్ చార్జీలు అంతే ఉండి కందిపప్పు ధర పెరిగితే పలచబడేది మన పప్పే!

అందుకే, లోటు పడినప్పుడల్లా ప్రభుత్వం రిజర్వు బ్యాంకు నుంచి సొమ్ము తీసుకునే పద్ధతిని 1997లో ఆపారు. 2016 నుంచి వడ్డీరేటును ఆరుగురి కమిటీ నిర్ణయిస్తోంది. ముగ్గురు బ్యాంకువారు, ముగ్గురు కేంద్రం నియమించినవారు. ఓట్లు సమానమైతే గవర్నర్ మాటే నెగ్గుతుంది. కానీ ధరల పెరుగుదలకు 4 శాతం లక్ష్యం పెట్టింది ప్రభుత్వమే.

2008 నుంచి 2013 వరకు గవర్నర్‌గా ఉన్న మన తెలుగువారు దువ్వూరి సుబ్బారావు గారు, వడ్డీరేట్లపై మంత్రులతో వచ్చిన విభేదాలను తర్వాత పుస్తకంలో రాశారు.

చట్టం ఇచ్చిన స్వతంత్రం కొంతే. మిగతాది గవర్నర్ నిబ్బరం, ప్రజల చైతన్యం. ఇలాంటి వార్త పేపర్లో కనిపిస్తే మనకెందుకులే అనుకోకండి. అది మన కంచంలోని కూడు గురించే!