బిడారు బండియైన వైనము

పారశీకమున కార్వాన్ అనగా కలసి పయనించు బాటసారుల సమూహము; మన బిడారు వంటిది. ఆంగ్లమున అది కారవాన్ అయి, క్రమముగా బాటసారులను విడిచి బండిని పట్టుకొన్నది. తల తెగి మిగిలిన తోకయే మన వ్యాన్. నేడు బ్రిటనులో కారవాన్ అనగా కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ఇల్లు. అమెరికాలో ఇట్టి విహారవాహనములన్నిటికిని ఆర్.వి. యని పొట్టిపేరు.

వీని పరిభాషను నిఘంటువు చూచి తెనిగించు విద్యార్థి చిక్కున పడును. వారి ‘బూడిదరంగు నీరు’ స్నానము చేయగా, గిన్నెలు కడుగగా మిగిలిన నీరు, ‘నల్లనీరు’ మరుగుదొడ్డిది. సాధారణముగా రెంటికిని వేరువేరు తొట్లుండును.

బూన్‌డాకింగ్ కథ మఱింత వింతయైనది. నీటిగొట్టము, విద్యుత్తు, మురుగుకాలువ, వీనిలో దేనితోను సంబంధము లేక బండి నిలిపి బస చేయుట దీని యర్థము. ఫిలిప్పీను దీవుల తగాలోగు భాషలో బుందోక్ అనగా కొండ. 1898లో అమెరికా స్పెయిను నుండి ఆ దీవులను పుచ్చుకొన్నది; 1899లో అచటి స్వాతంత్ర్యవాదులతో యుద్ధము మొదలైనది. ఆ దీవులలో మసలిన అమెరికా సైనికుల నోట బుందోక్ మారుమూల ప్రాంతమునకు పేరైనది. ఇప్పుడు కొండయు అక్కరలేదు, అడవియు అక్కరలేదు. పెద్ద దుకాణము ముంగిట కార్లు నిలుపు చోట ఒక రాత్రి గడపినను కొందరు దానిని బూన్‌డాకింగే యందురు.