యంత్రనాదము – బతుకమ్మ పాట

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు మీదుగా హైదరాబాదునకు పోవు రహదారి కిరుప్రక్కల నున్న కార్మికవాడలలో, బతుకమ్మ పండుగనాడు నేడు రెండు విధములైన పాటలు వినవచ్చును. ఒకటి, స్త్రీలు వలయముగా తిరుగుచు, చప్పట్లు చరచుచు తామే పాడుకొనునది. రెండవది, వాహనముపై నమర్చిన స్పీకర్లనుండి వెలువడు డీజే పాట. మొదటిది శుద్ధజానపదమనియు, రెండవది దాని వికారమనియు మనలో పలువురు నిశ్చయించియున్నారు. ఈ తీర్పునకు పూర్వము, రెండవ పాట ఎట్లు పుట్టినదో, అందు నిజముగా మారినదేమో తెలిసికొనుట పరిశోధకులకు యుక్తము.

డీజే పాటకు ప్రాణము సింథసైజరు. తీగ మీటకయు, చర్మము కొట్టకయు, విద్యుత్కంపనముల నుండి నాదమును కల్పించు యంత్రమిది. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో దీనికి కీబోర్డుతో వాయింప వీలగు రూపము నిచ్చెను. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందము 1970లలో పాటయంతటికిని దీనినే ఆధారము చేసికొనగా, 1980 ప్రాంతమున ఇంగ్లండులో సింథ్‌పాప్ అను బాణి వ్యాపించెను. 1983లో ‘మిడి’ యను సంకేతపద్ధతి వెలువడినది. దానివలన ఒకడు వాయించిన స్వరములును, దెబ్బలును సంఖ్యలుగా నిలువయుండి, పిమ్మట ఏ యంత్రముచేతనైనను పలుకసాగినవి.

తెలుగు చిత్రసంగీతమున ఈ మార్పు తండ్రులకును కుమారులకును నడుమనే కన్పట్టును. టి.వి. రాజు, సాలూరి రాజేశ్వరరావు వాద్యబృందముల తరమువారు. వారి కుమారులైన రాజ్, కోటి జంటగా 1980లలో కీబోర్డు నాదమునకు పెద్దపీట వేసిరి. వారికడ కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రహమాన్ 1992లో ‘రోజా’తో ప్రసిద్ధుడగు నాటికి, తెలుగు చెవి ఆ నాదమునకు కొంత అలవడియే యున్నది.

యంత్రము స్థిరస్వరములనే పలుకును, గమకము నెరుగదు అను ఆక్షేపణ క్రొత్తది కాదు. ఇట్టి నిందతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియమును వెలివేసెను; ఆ వెలి మూడు దశాబ్దములు సాగినది. ఆ కాలమున మన పద్యనాటకము మాత్రము హార్మోనియము లేక రంగమెక్కలేదు! పైగా సింథసైజరునందు స్వరమును వంచు చక్రమొకటి కలదు. శుద్ధజానపదమను మాటయు నిలువదు. ఊరేగింపులలో మనదనుకొను తీన్‌మార్ దెబ్బకు, నిజాముల కొలువునకు వచ్చిన అరబ్బు, హబ్షీ సైనికుల మర్ఫా వాద్యముతో సంబంధము కలదు.

అసలు మార్పు లయయందున్నది. డప్పు వాయించువాడు ఒక చేత చిర్రను, రెండవ చేత సిటికెనపుల్లను పట్టి, ఆడువారి అడుగును చూచుచు దెబ్బను ముందు వెనుకలు చేయును. డీజే పాటలో డప్పుధ్వని లేకపోలేదు. ఒకనాడు రికార్డు చేసిన దెబ్బయే వేలమారులు మ్రోగును. నిమిషమునకిన్ని దెబ్బలని పాటకు ముందే సంఖ్య నిర్ణీతమగును. పిలుపు తగ్గిన డప్పుకళాకారుని జీవనమునకిది చిన్న నష్టము కాదు.

సాహిత్యమునకు కలుగు నష్టము ఇంకను సూక్ష్మము. బతుకమ్మ పాటలో ఒకతె చరణమెత్తును, తక్కినవారు అందుకొందురు. ‘ఉయ్యాలో’ యను ఊతపదము కేవలము అలంకారము కాదు. పాడునది తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనుటకో, అప్పటికప్పుడు కల్పించుటకో అది వ్యవధి నిచ్చును. తన ఊరిపేరు, ఆడపడుచు పేరు, ఆ యేటి వానల ముచ్చట పాటలో చేరునది ఆ వ్యవధిలోనే. పాఠాంతరములు పుట్టు తావు కూడ అదియే. యంత్రము ఎవరికొరకును ఆగదు. కావున రికార్డులో పాఠమొక్కటే మిగులును. నారాయణఖేడు, అందోలు పల్లెలనుండి వచ్చి కర్మాగారములలో కుదురుకొన్న కుటుంబముల స్త్రీలు వేర్వేరు పాఠములను ఒకే వాడకు తెచ్చిరి. వానిని సేకరింపదగిన సమయమిదియే.

అట్లని క్రొత్తపాటను త్రోసివేయరాదు. చిన్నగదిలో కంప్యూటరు, కీబోర్డు పెట్టుకొని పల్లెబాణీలకు క్రొత్త మాటలు కట్టు యువకులు ఈ ప్రాంతమున కలరు. సినిమా వైపే తిరిగిన చెవులను వారు మరల ఆ బాణీల వైపు త్రిప్పిరి.

పాశమైలారము సమీపమున ఒక వాడలో, జనరేటరు ఆగి స్పీకర్లు మూగవోయిన క్షణమును నేను చూచితిని. ఒక వృద్ధురాలు పాట నెత్తుకొన్నది. పడుచులు డీజే వేగముతోనే చప్పట్లు చరచిరి. ఆమె చేయెత్తి వారిని ఆపి, నెమ్మదిగా మొదటి అడుగు వేసినది. నాలుగైదు చుట్లు తిరుగువరకు చప్పట్లు కుదురుకొనలేదు; అటుపిమ్మట కుదిరినవి.